ముప్పావుగాడి బస్సు

మా తమ్ముడు ఇప్పటిదాకా ఒక్క ఆట కూడా పూర్తిచెయ్యలేదు. నేను చెప్పేది ఆడటం గురించి కాదు, తయారుచెయ్యడం గురించి. కంప్యూటర్లో ఆటలు కనిపెట్టడం వాడి పిచ్చి. ముప్పావు దాకా పరుగో పరుగు, ఆ తర్వాత చతికిలబాటు. అందుకే ఇంట్లో వాడి పేరు ముప్పావుగాడు. పగలంతా ఓ కంపెనీలో పరాయివాళ్ళ ప్రోగ్రాముల్లో తప్పులు దిద్దుతాడు. అక్కడ పనులన్నీ టైముకే అయిపోతాయట. ఎలా అవుతాయో నాకైతే నమ్మకం లేదు.

నా ఖర్మ ఏమిటంటే, వాడి ప్రతి ఆటకీ మొదటి బలి నేనే. పోస్టాఫీసు కౌంటర్లో రోజంతా ముద్రలు గుద్ది గుద్ది ఇంటికొస్తే, చెప్పులైనా విప్పకముందే "అక్కా, ఒక్క ఐదు నిమిషాలు" అంటూ ఎదురొస్తాడు.

ఓసారి చేపలు పట్టే ఆట. గాలం వేశాను, చేప పడింది.

"పైకెలా లాగాలిరా?"

"అదింకా రాయలేదక్కా. వచ్చే వారం."

నాలుగేళ్ళయింది. ఆ చేప ఇంకా గాలానికి వేలాడుతూనే ఉంది.

ఆ తర్వాత దొంగ ఆట. దొంగ కిటికీలోంచి దూరాడు, నగలు మూటగట్టాడు. తీరా చూస్తే బయటికి దారి లేదు. అది కూడా వచ్చే వారమే. పాపం ఆ దొంగ ఈపాటికి ఆ ఇంట్లోనే స్థిరపడి మొక్కలకి నీళ్ళు పోసుకుంటూ ఉంటాడు.

"ఒరే ఆరంభశూరుడా, ఒక్కటంటే ఒక్కటి పూర్తిచేసి చావరా!" అని మొత్తుకుంటే, తల గోక్కుని "ఆట ఎలా నడుస్తుందో తేలిపోయాక విసుగేస్తుందక్కా" అంటాడు. విసుగు వాడికట!

ఇలా ఉండగా నాన్నకి పక్షవాతం వచ్చింది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. నోటికి ఏ లోటూ రాలేదు గానీ కుడిచెయ్యి చచ్చుబడిపోయింది. "ఆరు నెలల్లోపు ఎంత కదిలిస్తే అంత తిరిగొస్తుంది, ఆ తర్వాత కష్టం" అన్నాడు డాక్టరు. పిసకమని ఓ రబ్బరు బంతి ఇచ్చాడు. నాన్న దాన్ని మంచం కిందికి దొర్లించేశాడు.

"బస్సు తిప్పిన చేత్తో బంతులు పిసకాలా? ఎడమచెయ్యి ఉందిగా, అది చాలు నాకు."

నెల గడిచింది, వేలు కదల్లేదు. నాకు భయం పట్టుకుంది. నాన్న ఎడమచేత్తో తింటూ చొక్కా మీద ఒలకబోసుకుంటుంటే చూడలేక వంటింట్లోకి పారిపోయేదాన్ని.

సరిగ్గా అప్పుడే మా ముప్పావుగాడు ఇంకో ఆట మొదలుపెట్టాడు. బస్సు ఆట!

"సిగ్గుందా నీకు? నాన్న అలా ఉంటే ఆటలా?"

వాడు నాన్న ముందు కంప్యూటర్ పెట్టి, వైర్లు వేలాడే గ్లౌజొకటి ఆయన కుడిచేతికి తొడిగాడు. బొటనవేలు వంచితే హారను. చూపుడువేలు వంచితే తలుపు. మణికట్టు తిప్పితే బస్సు తిరుగుతుంది.

"ఛీ, తీసెయ్" అన్నాడు నాన్న. అంతలో తెరమీద బస్సు దానంతటదే కదిలి, మలుపు దగ్గర నేరుగా గోడవైపు పోతోంది.

"ఒరేయ్, ఒరేయ్, తిప్పరా! ఎవడ్రా నీకు లైసెన్సిచ్చింది?"

"నువ్వే తిప్పాలి నాన్నా."

"ఎడమచేతి గ్లౌజేదీ?"

"అదింకా కుట్టలేదు. వచ్చే వారం."

బస్సు ధడాలున గోడకి గుద్దుకుంది. ముప్పై ఏళ్ళలో బండి మీద గీత పడనివ్వని మనిషికి అది మామూలు అవమానమా? మర్నాడు పొద్దున్నే "ఆ బస్సు పెట్టు" అన్నాడు.

రోజూ అదే గోడ, అదే గుద్దుడు, అవే తిట్లు. తొమ్మిదో రోజున బొటనవేలు ఓ రవ్వ వంగింది. హారను కుయ్యిమంది. నాన్న మా వైపు చూడకుండా ఇంకోసారి మోగించాడు.

మణికట్టు మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. నాన్న చెమటలు కక్కేవాడు. ఎడమ గ్లౌజు అడిగినప్పుడల్లా వచ్చే వారమే. మూడు నెలలు చూసి నాకు ఒళ్ళు మండింది.

"కన్నతండ్రి విషయంలో కూడా ముప్పావేనా? ఒక్క గ్లౌజు కుట్టడానికి ఇన్నాళ్ళా?"

"వచ్చే వారం అక్కా."

ఓ ఆదివారం మధ్యాహ్నం, నాన్న కునుకు తీస్తుండగా, కత్తెర కోసం వాడి సొరుగు లాగాను. పాత చొక్కాల కింద ఎడమచేతి గ్లౌజు! ఐదు వేళ్ళకీ వైర్లు, సన్నని కుట్టు, ఎక్కడా దారం కొస కూడా బయటికి లేదు. కంప్యూటర్‌కి తగిలించి చూస్తే బస్సు చెప్పినట్టల్లా విన్నది. జన్మలో వీడు పూర్తిచేసిన ఒకే ఒక్క వస్తువు, దాన్ని తీసుకెళ్ళి దాచిపెట్టాడు.

"ఇదేంట్రా?" అని అరిచాను. వాడు పరుగున వచ్చి తలుపు మూశాడు.

"మెల్లిగా అక్కా! ఇది ఇస్తే నాన్న కుడిది ముట్టుకుంటాడా?"

"ఇవ్వనివాడివి చెయ్యడం దేనికి మరి?"

వాడు నేల చూపులు చూశాడు. "ఆరు నెలలైనా కుడిచెయ్యి రాకపోతే... నాన్నకి బస్సయినా మిగలాలి కదక్కా."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. వాడి ముందు ఏడవడం ఇష్టంలేక నెత్తిన ఒక్కటి మొట్టి, గ్లౌజు మళ్ళీ చొక్కాల కిందే పెట్టేశాను.

ఐదో నెల చివర్లో ఓ సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి నాన్న బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. కుడిచేతిలో పెన్సిలు. కాగితం నిండా కోడి కెలికినట్టు అక్షరాలు. అన్నీ ఆ బస్సు మీద ఫిర్యాదులే. బ్రేకు ఆలస్యంగా పడుతోంది. అద్దంలో వెనకబండి కనబడదు. రెండో స్టాపులో ఎన్నిసార్లు తలుపు తీసినా ముసలాయన ఎక్కడు. ఎడమ గ్లౌజు ఇంకా రాలేదు అని కూడా రాసి, ఎందుకో తనే కొట్టేశాడు.

"ఇవన్నీ దిద్ది ఈ వారంలో పూర్తిచెయ్యమని వాడికి గట్టిగా చెప్పవే. నీ మాటైతే వింటాడు" అన్నాడు.

ఆ వేళ్ళు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. పెన్సిలు మాత్రం జారలేదు.

"ఇన్నేనా నాన్నా? ఆ బస్సులో బోలెడు తప్పులున్నాయి. కాగితం వెనకపక్క ఖాళీగానే ఉందిగా, ఇంకా రాయి" అన్నాను.