రొట్టె కోసినట్టు కోసిన అట్ట

బంగారు గనుల ఊరు ఊరిగాంలో ఏండ్ల తరబడి మా పక్కింట్లో ఉండి, పోయినేడు రాబర్ట్‌సన్‌పేటలో తమ్ముడింటికి పోయిన టీచరమ్మ ఇంగ లేదు. మనవరాలు తాను పని చేసే వేమగల్ ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేసి, "అవ్వా, ముందు కూర్చో" అనింది. అప్పుడే నాకు అర్థమయింది. నిద్రలోనే పోయిందంట.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే మీరే దిద్దుకోండి. నాకు భయపడేదానికి కారణం అక్కరలేదు. కుక్కర్ కూత వేయకున్నా భయమే, వేసినా భయమే. టీచరమ్మ నవ్వేది. "భయపడేది సాయంత్రానికి పెట్టుకో అక్కా, ఇప్పుడు కత్తెర పట్టు."

ఎవరింటి పెళ్ళి పత్రిక వచ్చినా ఆమె పేర్లు చూడదు, అట్ట వంచి చూస్తాది. "మందంగా ఉండాది, సంసారం నిలుస్తాది" అంటాది. పెళ్ళయిన మర్నాడు ఆ పత్రిక పిల్లలకు లెక్కలు చెప్పే సామాను అయిపోతాది.

మనవరాలు అయిదో తరగతిలో ఉన్నప్పుడు భిన్నాల దగ్గర నిలిచిపోయింది. నాలుగో వంతు కంటే ఎనిమిదో వంతే పెద్దదని రాసి, అందరూ నవ్వినారని ఇంగ బడికి పోనని కూర్చుంది. నా మాదిరే అయిపోతాదని నాకు అన్నం దిగలేదు. ఏడ్చుకుంటా టీచరమ్మ దగ్గరికి పిలుచుకొని పోయినాను.

ఆమె నా రొట్టె తట్ట, అదే పళ్ళెం, తెప్పించి, పత్రికల మీద బోర్లించి గుండ్రాలు గీసింది. ఒకటి నా చేతికిచ్చి, "పావులు కొయ్యి అక్కా" అనింది. నాలుగు ముక్కలు కోసి గర్వంగా పెట్టినాను. మనవరాలు ఒకదాని మీద ఒకటి పేర్చి చూసి, "అవ్వా, ఒక్కటీ సరిపోలేదు" అనింది.

రాగి రొట్టె కోసే చెయ్యి కదా. గనిలో షిఫ్టుకు పోయే మా ఆయనకు పెద్దది, కొడుక్కు దానికంటే కొంచెం తక్కువ, అత్తకు మెత్తగా ఉండే నడిమి ముక్క, నాకు మిగిలింది. అట్టనూ అట్లనే కోసినాను.

టీచరమ్మ కండ్లలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "నాలుగు ముక్కలైతే చాలదక్కా, నాలుగూ సమంగా ఉంటేనే పావు. నీ ముక్కతో సహా."

తర్వాత పిల్ల చేత ఇంకో గుండ్రం మడిపించింది. ఒక మడత, అర. రెండు మడతలు, పావు. మూడో మడతకు, ఎనిమిదో వంతు దగ్గర, పిల్లే ఆగి, "ఇంగా మడిస్తే ఇంగా చిన్నదే కదా టీచర్" అనింది. మర్నాడు నేను లేపకముందే సంచి తగిలించుకొని వాకిట్లో నిలబడింది.

నా వంకర ముక్కలు పారేయమన్నాను. టీచరమ్మ వినలేదు. ఏటా కొత్త పిల్లలకు ముందు అవే చూపించి, "ఇవి పావులేనా?" అని అడిగేదంట. పిల్లలు నన్ను చూసి నవ్వుతారేమోనని బడి వీధిలో చానా దినాలు తల వంచుకొని నడిచినాను. ఒకరూ నవ్వలేదు. "రొట్టె అవ్వా" అని మాత్రం పిలిచేవాళ్ళు.

టీచరమ్మను పూడ్చి మట్టి చేసినాక ఆమె తమ్ముడు బిస్కెట్ డబ్బా ఒకటి మా చేతిలో పెట్టినాడు. అంచులు అరిగిన నా నాలుగు ముక్కలూ, పిల్ల మడిచి కోసిన పావులూ అందులోనే ఉండాయి. నా ముక్కల్లో అన్నింటికంటే చిన్నదాని వెనక 'అక్కది' అని రాసుంది.

మర్నాడు పొద్దున కొడుకు, కోడలు, మనవరాలు, నేను, నలుగురికి ఒక పెద్ద రొట్టె కాల్చినాను. మనవరాలు కోసిన అట్ట పావును రొట్టె మీద పెట్టి, చుట్టూ కత్తి తిప్పినాను. ఆ పిల్ల నాలుగు ముక్కలూ తట్టలో పేర్చి చూసింది. అంచులు కలిసినాయి. అన్నింటి పైన నాది, ఆవిరి కక్కతా ఉండాది.