సూర్యలంకలో ఒంటరి మనిషికి గది ఇవ్వరు

నా భార్య సుజాత వేములపల్లి బడిలో సాంఘిక శాస్త్రం టీచరు. పంతొమ్మిదేళ్లు ఏడో తరగతికి ఆటుపోట్ల పాఠం చెప్పింది. సముద్రం చూడకుండానే చెప్పింది. నీళ్లు రోజుకు రెండుసార్లు ముందుకు వస్తాయి, రెండుసార్లు వెనక్కి పోతాయి అని బోర్డు మీద గీతలు గీసేది. "ఎంత దూరం పోతయి టీచర్?" అని పిల్లలు అడిగేవాళ్లు. పుస్తకంలో ఆ సంగతి లేదు. చూసి వచ్చి చెప్తానని ప్రతి ఏడాదీ వాళ్లతో అనేది. మూడుసార్లు ప్రయాణం పెట్టుకున్నాం. నేను సాగర్ ఎడమ కాలువ మీద ఇంజనీరుని. మూడుసార్లూ నీళ్ల విడుదల డ్యూటీ ఉందని నేనే ఆపాను. ఈ ఏప్రిల్‌లో ఆమె పోయింది. జబ్బు వివరాలు ఇక్కడ అవసరం లేదు.

డిసెంబరులో నేనే బాపట్ల దగ్గరి సూర్యలంకకు బయల్దేరాను. నీళ్లు బాగా వెనక్కి పోయినప్పుడు ఒకసారి, బాగా ముందుకు వచ్చినప్పుడు ఒకసారి, రెండూ పగటి వెలుతురులో చూడాలి. దానికి సముద్రం దగ్గర ఒక రాత్రి ఉండాలి. నాకు కావలసింది అంతే. అంత చిన్న పనికి ఎంతమందికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చిందో తెలిస్తే, నాలాగా వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి సంజాయిషీ సూర్యాపేటలో. సుజాత అక్క విజయమ్మ అక్కడ ఉంటుంది. ప్రయాణానికి ముందు ఆదివారం వెళ్లి విషయం చెప్పాను. చెప్పకుండా వెళ్తే గొడవ ఇంకా పెద్దదవుతుంది.

"ఏడాది మాసికం గాలే, సంద్రం కాడికి ఎట్ల పోతరు మరిదీ?" అంది.

"గుడికి పోవడం లేదు వదినా. నీళ్లు చూడటానికి."

"గదే అంటున్న. ఏడాది దాక గుట్ట ఎక్కొద్దు, సంద్రం ముట్టొద్దు. మా అత్త పోయినప్పుడు మేం సాగర్ డ్యాం సూడనీకి గూడ పోలే."

"ముట్టుకోను. చూసి వస్తాను."

"ఉత్తగ సూసుటానికి గంత దూరమా? అది ఉన్నప్పుడు తీస్కపోలే గని..."

అక్కడ ఆపేసింది. మిగతాది కూడా నాకు వినిపించింది. కోపం వచ్చింది. నిజం కాబట్టి ఎక్కువ వచ్చింది. టీ తాగకుండా లేచి వచ్చాను.

మిర్యాలగూడలో ఇండికా కారు కిరాయికి మాట్లాడాను. కిలోమీటరుకు ఎనిమిది రూపాయలు, డ్రైవరు బత్తా రోజుకు మూడు వందలు. డ్రైవరు సైదులుది మాడుగులపల్లి. అమావాస్య వెళ్లిన మర్నాడు ఉదయం అయిదున్నరకు బయల్దేరాం. ఆ రోజుల్లో పోటు ఎక్కువగా ఉంటుందని సుజాత నోట్సులోనే ఉంది. మిర్యాలగూడ నుంచి వాడపల్లి పాతిక కిలోమీటర్లు. గంట పట్టింది. రైస్ మిల్లుల ముందు వడ్ల లారీలు రెండు వరుసల్లో ఆగి ఉన్నాయి. మిల్లులు దాటాక రోడ్డు మీదే వడ్లు ఆరబోశారు, చుట్టూ బండరాళ్లు పెట్టి. ఇది ప్రతి ఏడాదీ జరిగేదే. రాత్రిపూట ఆ రాళ్లకు గుద్దుకుని ఎంతోమంది పడుతున్నా ఒక్క రాయీ కదలదు.

"సగం రోడ్డు గవుర్మెంటుది, సగం వడ్లది సార్. మనం పైస కట్టింది గవుర్మెంటు సగానికే," అన్నాడు సైదులు.

వాడపల్లి వంతెన మీద కృష్ణ దాటి, దాచేపల్లి మీదుగా పిడుగురాళ్ల చేరేసరికి ఎనిమిది. సున్నపు బట్టీల దుమ్ము ఇడ్లీ ప్లేటు దాకా వస్తుంది. ఇద్దరికీ టిఫిను యాభై రూపాయలు. సత్తెనపల్లి, గుంటూరు, పొన్నూరు దాటి పన్నెండున్నరకు బాపట్లలో దిగాం. మొత్తం నూట తొంభై కిలోమీటర్ల లోపే. దారి మంచిదే. మధ్యాహ్నం భోజనం అరవై రూపాయలు, గోంగూర బాగుంది. ఫిర్యాదు చేయడానికి అప్పటిదాకా ఏమీ లేదు.

ఊరంతా బ్యానర్లు. కాలేజీల ఫుట్‌బాల్ పోటీలు, నాలుగు రోజులు. ఎక్కడెక్కడి జట్లో వచ్చాయి. మొదటి రెండు లాడ్జీల్లో గదులు లేవన్నారు. మెట్ల మీద బూట్లు, కిటికీలకు మేజోళ్లు. అది న్యాయమే, ముందు వచ్చినవాళ్లు తీసుకున్నారు.

"బంతి తన్నుటానికి ఇంతమందా సార్? మా దిక్కు ఎవడన్న ఫుట్‌బాల్ తెస్తే చేతులతోనే ఆడుతరు," అని సైదులు నవ్వాడు.

మూడోది బీచ్ రోడ్డు లాడ్జీ. గదులున్నాయి. ఎనిమిది వందలు. గుమాస్తా రిజిస్టరు తెరిచి పెన్ను మూత తీశాడు.

"ఎంతమందండీ?"

"ఒక్కణ్నే."

పెన్నుకు మూత పెట్టాడు. "సింగిల్స్‌కి ఇవ్వమండీ."

"ఎందుకు?"

"రూలండీ. రెండేళ్ల కిందట ఒకాయన ఇలాగే ఒంటరిగా వచ్చాడు. పొద్దున్నే తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. పోలీసులు, కేసు... ఓనరుగారు ఇంక వద్దన్నారండీ."

"నేను చావడానికి రాలేదు. ఉద్యోగం గుర్తింపు కార్డు చూడండి."

"ఆయనకీ ఉందండీ కార్డు. మీ ఆవిడగారిని తీసుకురాలేదా?"

"ఏప్రిల్‌లో పోయింది."

ఇది చెప్తే గది ఇస్తాడని అనుకోలేదు. అడిగాడు కాబట్టి చెప్పాను. అతను రిజిస్టరు మూసి, బల్ల మీంచి తీసి, తన ఒళ్లో పెట్టుకున్నాడు. నేను దాన్ని లాక్కుంటానన్నట్టు.

సైదులు ముందుకొచ్చాడు. "నేనున్న గదన్నా. ఇద్దరం ఒక్క రూముల పంటం. సార్‌ని నేను సూస్కుంట."

"డ్రైవర్లు లెక్కలోకి రారు. కార్లో పడుకుంటారు."

"ఏందన్నా, నేను మనిషిని గాదా?"

గుమాస్తా ఫోను ఎత్తి ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు. బయటికి వచ్చాం. పాతికేళ్ల ఉద్యోగంలో నన్నెవరూ అలా చూడలేదు. భార్య పోయిన మగవాడంటే ఉరితాడు జేబులో పెట్టుకు తిరుగుతాడనా? తోడున్నవాళ్లు చావరా?

మూడింటికి సూర్యలంక చేరాం. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు. గేటు దగ్గర కారుకు ముప్పై తీసుకున్నారు. రసీదు అడిగితే ఇరవై అన్నారు. రసీదు అడగండి.

సముద్రం గురించి తక్కువే రాస్తాను. నీళ్లు వెనక్కి పోయి ఉన్నాయి. తడి ఇసుక గట్టిగా, సిమెంటు చేసినట్టుంది. దాని మీద ఒక జట్టు ఆడుతోంది. వెదురు కర్రలు పాతి గోలు పెట్టుకున్నారు. ముందటి పోటు తెచ్చి వదిలిన చెత్త, గవ్వలు పొడి ఇసుక మీద ఒక గీతలాగా పడి ఉన్నాయి. ఆ గీత నుంచి నీటి అంచు దాకా అంగలతో కొలిచాను. డెబ్భై నాలుగు. మళ్లీ కొలిచాను. డెబ్భై రెండు.

"ఏం కొలుస్తున్నారు మాస్టారూ? ఇక్కడ గూడా ప్లాట్లు వేస్తున్నరా ఏంటి?"

జట్టుతో వచ్చిన వ్యాయామం మాస్టారు. మెడలో ఈల. పేరు వెంకటేశ్వర్లు, వాళ్లది కోదాడ. నాది మిర్యాలగూడ అనగానే చెయ్యి పట్టుకున్నాడు. "అయితే మనోళ్లే. వీళ్లంతా మమ్మల్ని చూసి 'తెలంగాణా వాళ్లకి ఫుట్‌బాలా' అంటన్నరు. మా ఊళ్లోనేమో నన్ను ఆంధ్రా మాస్టారంటరు. ఇంక నేను ఏ గోలు వైపు ఆడాలి చెప్పండి?"

ఎందుకు కొలుస్తున్నానో చెప్పాను. ఆయన జోకులు ఆపేశాడు. పక్కన వల బాగు చేసుకుంటున్న ముసలాయనను అడిగాడు. "రేపు పొద్దున తొమ్మిదింటికి పోటు బాగా ఎక్కుద్దండీ. ఆ గవ్వలున్న కాడికి వచ్చేత్తది," అన్నాడాయన. అంటే ఆ రాత్రి గడవాలి. ఆరు గంటలకు కానిస్టేబుల్ ఈల వేసి అందర్నీ పంపేశాడు. కార్లో పడుకుంటామంటే కుదరదన్నాడు.

బాపట్లలో స్టేషను దగ్గర ఇంకో లాడ్జీ ఉంది. సైదులు నన్ను కార్లోనే ఉండమని లోపలికి పోయి, అయిదు నిమిషాల్లో తాళంచెవి ఊపుకుంటూ వచ్చాడు.

"అయిపోయింది సార్. మీరు సంతకం పెడితే చాలు."

కౌంటరు దగ్గర రిజిస్టరు చూశాను. నా పేరు, దాని కింద 'భార్య' అని రాసి ఉంది. గుమాస్తా మర్యాదస్తుడు.

"మేడంగారు తెనాలి నుంచి వస్తున్నారంట గదండీ. ఏ బండికి? స్టేషన్‌కి ఆటో పంపమంటారా?"

సైదులు వెనక నుంచి నా చొక్కా లాగాడు. సంతకం పెడితే ఉదయం తొమ్మిది నాది. ఒక్క మాట. ఎవరికీ నష్టం లేదు. ఆటో వద్దండీ, తనే వస్తుంది అంటే సరిపోతుంది. పెన్ను తీసుకున్నాను కూడా.

"రాదు. ఆమె చనిపోయింది. నేను ఒక్కణ్నే," అని తాళంచెవి బల్ల మీద పెట్టాను.

"అయ్యో... మరి డ్రైవరు... సింగిల్స్‌కి మేమూ ఇవ్వమండీ."

"అతను నా కోసం అబద్ధం చెప్పాడు. తప్పు అతనిది కాదు, మీ రూలుది. నిజం చెప్పినవాడికి రోడ్డు, అబద్ధం చెప్పినవాడికి ఏసీ గది. ఇదేం రూలండీ?"

నా గొంతు పెద్దదైనట్టుంది. మెట్ల మీద కుర్రాళ్లు ఆగిపోయారు. గుమాస్తా తల దించుకుని, "మా చేతుల్లో లేదండీ," అన్నాడు. చాలా మంది చేతుల్లో చాలా సంగతులు ఉండవు. నేనూ కాలువ గట్టు మీద రైతులతో అదే మాట అని ఉంటాను.

వేడినీళ్ల కోసం కిందికి వచ్చిన వెంకటేశ్వర్లు మాస్టారు బకెట్టు కింద పెట్టాడు.

"ఇదిగో, మా కోదాడ జట్టుకి ఎంతమందికి రాసుకున్నవ్?"

"పద్దెనిమిదండీ."

"పదిహేడు మందిమే వచ్చినం. మేనేజరు రాలే. ఆ మంచం ఖాళీ. ఈ సార్ అసలు పేరే రాసుకో, ఒంటరోడు కాదు, పద్దెనిమిదో వాడు. మా వాళ్ల గురకకి చద్దామన్నా కుదరదు, భయపడకు."

గుమాస్తా రాసుకున్నాడు. నాకు నవ్వు రాలేదు, కోపమూ తగ్గలేదు. నా మాటకు లేని విలువ పదిహేడు మంది ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఉంది. అయినా పడుకున్నాను. సైదులుకు కూడా వాళ్లే వరండాలో చాప వేశారు. పొద్దున అతను, "సార్, మేడం పేరు అట్ల రాయించుడు తప్పే. కోపానికి రాకుర్రి," అన్నాడు. కోపం లేదన్నాను. లేదు కూడా.

తొమ్మిదికి పది నిమిషాల ముందే సూర్యలంకలో ఉన్నాం. నీళ్లు గవ్వల గీత దాకా వచ్చాయి. నిన్న ఆడిన చోటు లేదు. వెదురు కర్ర ఒకటి మాత్రం నీళ్లలో నిలబడి ఉంది, రెండోది కొట్టుకుపోయింది. కోదాడ కుర్రాళ్లు మిగిలిన సన్నటి పొడి ఇసుకలో పరుగులు తీస్తున్నారు. నేను గీత దగ్గర నిలబడ్డాను. చెప్పులు తడిశాయి. ఇరవై నిమిషాలకు నీళ్లు ఆగాయి. తర్వాత తిరుగుముఖం పట్టడం తెలిసింది. ఆమె బోర్డు మీద గీసింది సరిగ్గా ఇదే. ఏమీ తప్పు చెప్పలేదు.

తిరుగుదారి విజయవాడ మీదుగా పెట్టుకున్నాను, దూరం ఎక్కువైనా. కోదాడలో మూడింటికి భోజనం, సూర్యాపేటలో అయిదింటికి వదిన గుమ్మం. తిట్లకు సిద్ధపడే వెళ్లాను. ఆమె మంచినీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"ముట్టిన్రా?" అంది.

"చెప్పులు తడిశాయి."

"కానియ్. ఎంత దూరం పోతయట మరి నీళ్లు?"

"మీ గేటు నుంచి ఆ కిరాణా కొట్టు దాకా."

ఆమె లేచి గేటు దాకా నడిచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొట్టు వైపు చూస్తూ నిలబడింది. "గంత దూరమా సుజాతా," అంది. నాతో కాదు.

ఇల్లు చేరి మూడు వారాలైంది. కోపం ఇంకా ఉంది. ఒకాయన చనిపోయాడని తర్వాత వచ్చే ఒంటరివాళ్లందరినీ బయటికి పంపడం జాగ్రత్త కాదు, పిరికితనం. ఆ రాత్రి నన్ను నిలబెట్టింది రూలు కాదు, బకెట్టు పట్టుకుని వచ్చిన ఒక మనిషి. ఇక మిగతా కోపం ఎవరి మీదో నాకు తెలుసు. ఆ మూడుసార్లూ, నేను లేకపోయినా కాలువలో నీళ్లు పారేవి.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. మీరు ఒంటరిగా వెళ్తుంటే గదులున్నాయా అని మాత్రమే ఫోనులో అడగకండి. ఒక్కరికి ఇస్తారా అని అడగండి. ఇవ్వమంటే ఎందుకని అడిగి, జవాబు చెప్పేదాకా ఫోను పెట్టకండి. ఇద్దరుగా వెళ్లగలిగినవాళ్లకు ఈ సలహాతో పనిలేదు. మీరిద్దరూ ఈ నెలలోనే వెళ్లండి.