బసమ్మ డ్రమ్ము, రంగనాథ్ మిషను

బేతంచెర్లలో రంగనాథ్ గారి నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో బసమ్మది చూడటానికి వంట పనిలాంటిదే. డ్రమ్ములో నీళ్లు, కుడిచేతిలో కట్టె, ఎడమచేతిలో తెల్లటి పాలిమర్ పొడి. పొడిని ముగ్గు వేసినట్టు సన్నగా జారవిడుస్తూ తిప్పుతూనే ఉండాలి. తొందరపడితే ఉండలు కడుతుంది. సరిగ్గా కలిస్తే చిక్కటి జిగురవుతుంది. ఆ జిగురు కాస్త రాళ్లు పాలిష్ చేసిన బురదనీళ్లలో వదిలితే రాతిపిండి అడుగుకు దిగి, నీళ్లు తేరుకుని మళ్లీ పనికొస్తాయి. ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లో అది చిన్న విషయం కాదు. అయినా ఆమెను ఎవరూ పొగడలేదు. నీళ్లు తేరుకోని రోజు మాత్రం అందరికీ ఆమె పేరు గుర్తొచ్చేది.

మొగుడు పోయాక ఆ డ్రమ్మే ఆమెకు కూడు పెట్టింది.

ఈ ఏడు రంగనాథ్ మిషను తెచ్చాడు. పైన పొడి పోస్తే చాలు. అదే కొలిచి, అదే నీళ్లలో చల్లి, అదే తిప్పి, తెంపు లేకుండా జిగురు వదులుతుంది. కూలి అడగదు, పండక్కి చీర అడగదు. ఆయన తన పెళ్లిలో కూడా అంత మురిసిపోయి ఉండడు.

"ఆయుధపూజ దాకా ఉండు బసమ్మా. తర్వాత నీతో పనుండదు" అన్నాడు, మర్యాదగానే.

"ఈ వయసులో యాడికి పోవాలప్పా?"

ఆయన జేబులోంచి ఫోను తీశాడు. అది చెవిన పెట్టుకుని పక్కకు పోయాడు.

పూజ రోజు ఆయన తల్లి ప్రమీలారాణి వచ్చింది. మిషనుకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అంతటితో ఆగితే బాగుండేది. అభిషేకం లేని పూజేమిటని మూత తీయించి, పొడి మీద చెంబెడు పసుపునీళ్లు పోయించింది. పొడి బంకముద్దలా మారి మిషను గొంతుకు అడ్డం పడింది. మెకానిక్ హైదరాబాదు నుంచి వచ్చేదాకా ఫ్యాక్టరీ అంతా బసమ్మ డ్రమ్మునే నమ్ముకుంది.

మెకానిక్ బాగుచేసి, పొడి మీద చుక్క నీరు పడకూడదని చెప్పిపోయాడు. రంగనాథ్ ఆ మాట పనివాళ్లందరికీ చెప్పాడు, తల్లికి తప్ప. ఆవిడకు చెప్పగల మొగాడు ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు.

"మళ్లీ మొండికేస్తే కలిపేదానికి మనిషి కావాల. కొన్నాళ్లు ఉండు" అన్నాడు బసమ్మతో.

మిషను మొండికేయలేదు. అది ఆగకుండా తిరిగే చప్పుడు వింటుంటే బసమ్మకు కడుపు మండేది.

"బాగా నడుస్తాండాది బసమ్మా. ఈ వారం గూడా ఆగకపోతే సోమవారం నుంచి రావొద్దులే" అన్నాడాయన.

శుక్రవారం పూజకని ప్రమీలారాణి పసుపునీళ్ల చెంబుతో వచ్చింది. మిషను గదిలో బసమ్మ ఒక్కతే ఉంది. వద్దమ్మా అని ఒక్క మాట అంటే చాలు. ఆమెకు భయమేసింది, సిగ్గు కూడా వేసింది.

"ఇది శానా ఎత్తుండాది గదే, నా చెయ్యి అందేట్టు లేదు" అంది ప్రమీలారాణి.

బసమ్మ మూత తీసి, పీట తెచ్చి వేసింది.

"నిదానంగా ఎక్కమ్మా. నేను పట్టుకుంటా."