నాలుగో రోజు పైకొచ్చే పిల్లలు

పండుగప్ప చేపపిల్ల గుడ్డులోంచి బయటపడేసరికి దానికి నోరుండదు. ఈ సంగతి మొదటిసారి మా ఆయనకి చెప్తే, అప్పుడే స్టీల్‌ప్లాంటులో షిఫ్టు దిగొచ్చి అన్నం కలుపుకుంటున్న మనిషి తలెత్తకుండా, "నువ్వు ఆ జాతి కాదు, అంతవరకూ ఖాయం" అన్నాడు. ఉక్కునగరంలో మా వరస క్వార్టర్లన్నిటికీ నా నోరు తెలుసు. కుళాయి రాకపోయినా, బస్సు స్టాపులో ఆపకపోయినా నన్నే ముందుకి తోసేవారు. అడగాల్సినచోట అడిగి తీరే మనిషినని నాకూ ఒక నమ్మకం ఉండేది. అది ఎక్కడ పోయిందో నాకు బాగా గుర్తు.

తొంభైల చివర్లో నేను ఊరికి అవతలి కొసన, సముద్రం ఒడ్డున ఉన్న ఒక హేచరీలో పనిచేసేదాన్ని. రెండు బస్సులు మారి వెళ్లాలి. జువాలజీలో ఎమ్మెస్సీ చదివినందుకు దొరికిన కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాదికోసారి కాగితం పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. రొయ్యలకి తెగులొచ్చి చెరువులు ఎండబెట్టుకున్న రోజులవి. అందరి కళ్లూ పండుగప్ప మీద పడ్డాయి. గుడ్లు పొదిగించి, ఆ పిల్లల్ని వేలెడంత అయ్యేదాకా పెంచడం మా పని. రెండు బ్యాచ్‌లు పోయాయి. మూడోది నిలబడితే నన్ను పర్మనెంటు చేస్తారని, నాతో పనిచేసే ఆవిడని రోజుకూలీ నుంచి నెలజీతానికి మారుస్తారని మా సారు మాటిచ్చారు.

ఆవిడది పక్కనే ఉన్న జాలరి పేట. నాకంటే ఐదారేళ్లు పెద్ద. మా వైపు అక్కని అప్ప అంటాం, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఉప్పునీళ్లు వడగట్టడం, ట్యాంకు అడుగున పేరుకున్న మురికిని సన్నగొట్టంతో లాగెయ్యడం, చచ్చినవాటిని ఏరడం ఆవిడ పని. నేను అరగంట మైక్రోస్కోపు మీద వంగి కనిపెట్టిన సంగతి ఆవిడ ట్యాంకు గట్టు మీద చెయ్యానించి ఒక్క చూపులో చెప్పేసేది. మొదట్లో నాకు ఒళ్లు మండేది. తర్వాత ఆవిడని అడిగి, అప్పుడు మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

పుట్టిన పిల్ల వెంట్రుక ముక్కలా ఉంటుంది. పొట్ట కింద సొన సంచి. అది కరిగేదాకా రెండు రోజులు ఏమీ తినకుండా నీళ్లలో వేలాడుతుంది. తర్వాత నోరు తెరుచుకుంటుంది, కళ్లు నల్లబడతాయి. ఆ పూటకి దాని నోట్లో పట్టేంత సన్నటి మేత చుట్టూ ఉండాలి. లేకపోతే ట్యాంకంతా ఖాళీ. అది గట్టెక్కితే ఇంకో గండం. నాలుగో రోజు ప్రాంతంలో ప్రతి పిల్లా పైకొచ్చి, నీటి మీది పొరని చీల్చుకుని, ఒక్క గుక్క గాలి మింగాలి. ఆ గాలితోనే లోపల గాలితిత్తి ఉబ్బుతుంది. ఇక జీవితాంతం నీళ్లలో మునగకుండా నిలబడేది దాని మీదే. గాలి వెళ్లే ఆ దారి కొద్దిరోజులే తెరిచి ఉంటుంది, తర్వాత మూసుకుపోతుంది. నీళ్ల మీద నూనె పొర గనక ఉంటే అంత చిన్న ప్రాణి దాన్ని చీల్చలేదు. ఈ పాఠం నాకు చెప్పింది మా సారే. బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పారు.

మూడో బ్యాచ్‌కి సరిగ్గా ఆ నాలుగో రోజునే హైదరాబాదు నుంచి ఒక పెద్ద అధికారి వస్తున్నారన్నారు. రానీ, చూసి పోతారనుకున్నాను. పొద్దున్నే వెళ్లేసరికి ట్యాంకుల గది గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. బల్ల మీద విస్తరాకు దొప్పలు, వత్తులు, నువ్వులనూనె సీసా.

"ఇవేంటి సారూ?"

"గంగాహారతి. ఆయనకి ఇలాంటివంటే ప్రీతి అట. ట్యాంకులో ఐదు దీపాలు వదులుతారు, ఫొటో బాగా వస్తుంది."

"ఈ రోజు నాలుగో రోజు సారూ."

"దీపం దొప్పలో ఉంటుందమ్మా, నీళ్లలో కాదు కదా."

"దొప్ప తిరగబడితే?"

"నీకు అన్నీ తిరగబడ్డట్టే కనబడతాయి. కాస్త మంచి చీర కట్టుకురావాల్సింది ఇవాళైనా."

అప్ప తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ నా పక్కకొచ్చి నిలబడింది. "గంగమ్మకి దీపమెట్టాలనుంటే ఎదరంతా సముద్రమే గదమ్మా. ఈ సిమెంటు తొట్టిలో ఏ గంగమ్మ ఉంటాదేటి? మా తాతల కాడ్నించి వలకి పసుపు రాత్తాం గానీ, సేప్పిల్ల నోట్లో సమురు పొయ్యనేదు." నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

అధికారి వచ్చారు. దొప్పలు కదలకూడదని నీళ్లలోకి గాలి వదిలే గొట్టాలు కట్టేయించారు. దీపాలు వదిలారు, అందరూ కళ్లు మూసుకున్నారు, ఫొటో తీశారు. తర్వాత ఎవరో గొట్టాలు తిప్పేశారు. ఒక్కసారి బుడగలు ఎగదన్నాయి. ఐదు దొప్పల్లో మూడు బోల్తా కొట్టాయి. నూనె రంగురంగులుగా ట్యాంకంతా పాకింది. నేను పరుగెత్తబోతే సారు మోచెయ్యి పట్టుకున్నారు. "టిఫిన్లు కానీ. వాళ్ల ముందు గోల చెయ్యకు." వడలు, ఉప్మా, కాఫీలు. రెండు గంటలు. ఆ రెండు గంటలూ నేను కప్పులు అందించాను. ఉక్కునగరంలో నన్ను ముందుకి తోసేవాళ్లెవరూ ఆ గదిలో లేరు మరి.

కార్లు కదిలాక అప్పా నేనూ పాత న్యూస్‌పేపర్లు నీళ్ల మీద పరిచి లాగడం మొదలుపెట్టాం. కాగితం నూనెని పీల్చుకుంటుంది. అవి చాలక అప్ప ఇంటికి పరుగెత్తి ఒక పాత నూలు చీర పట్టుకొచ్చింది. చెరో చివరా పట్టుకుని సాయంత్రం దాకా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి లాగాం. చాలావరకు పోయింది. పల్చటి పొర మాత్రం మిగిలిపోయింది, వెలుతురు పక్కగా పడితేనే కనబడేంత. మూడు రోజులు అదే పని. పిల్లలు పైకొచ్చి, పొరకి తగిలి, వెనక్కి పోతూనే ఉన్నాయి.

పదో రోజో పదకొండో రోజో అప్ప నన్ను పిలిచింది. "సూడండమ్మా. తల పైకి, తోక కిందకి. మెట్లెక్కుతన్నట్టు ఈదతన్నాయి. ఆగితే సాలు, జారిపోతన్నాయి." మైక్రోస్కోపు అవసరం లేదుగానీ చూశాను. నూటికి ఎనభై పిల్లల్లో గాలితిత్తి లేదు. అవి వెంటనే చావవు, అదీ బాధ. మేత తింటాయి, పెరుగుతాయి, మునిగిపోకుండా ఉండటానికి ఆపకుండా ఈదుతాయి. ఈది ఈది నెల తిరిగేసరికి వెన్ను వంకరపోతుంది. వంకరపోయిన పిల్లని ఏ రైతూ కొనడు. బ్యాచ్ మొత్తం పారబోశాం.

పైకి రిపోర్టు పంపాలి. సారు ఇంగ్లీషులో డిక్టేట్ చేశారు. నీటి మీద నూనె చేరడానికి కారణం పనివారి తలనూనె, వారి నిర్లక్ష్యం. నేను పెన్ను కింద పెట్టాను.

"దీపాలని రాద్దాం సారూ."

"రాయి. ఎవరి చేతిలో దీపం ఉందో అదీ రాయాలి మరి. రాస్తావా?"

నేను పెన్ను మూత బిగించాను.

"ఈ నెలాఖరుకి నీ పర్మనెంటు కాగితం పైకి వెళ్తోందమ్మా" అన్నారు, చాలా మెత్తగా.

అప్పుడు వాదించాను. నిజంగానే వాదించాను, గంటసేపు. నిర్లక్ష్యం అనకూడదు, అవగాహన లోపం అనాలి అని. చివరికి సారు ఒప్పుకున్నారు. గెలిచానని కూడా అనిపించింది, ఏం చెప్పను. సంతకం పెట్టాను.

మర్నాడు అప్పని రావద్దన్నారు. గేటు దగ్గర నాకోసం నిలబడి ఉంది. "ఏటి రాసినారమ్మా నా మీద?"

చెప్పాను. ఆవిడ తలగుడ్డ విప్పింది. కొబ్బరిపీచులా ఎండిపోయిన జుట్టు. "నాను తలకి సమురెట్టి మూడేళ్లయింది. ఎట్టొద్దని సెప్పింది మీరే గదా. మా పేటలో ఆడోళ్లు, మొగుడు సచ్చినదాన్లాగ ఏటే ఆ జుట్టని ఎక్కిరిత్తారు. మీకు తెల్దా?"

"తెలుసప్పా."

"ఆ కాయితం మీద సంతకం ఎవులిది?"

"నాదే."

తలగుడ్డ మళ్లీ కట్టుకుని వెళ్లిపోయింది. నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిడితే తిరిగి ఏదో ఒకటి అనుండేదాన్ని, నాకు అది బాగా చేతనవును.

నాకు పర్మనెంటు అయింది. కొన్నేళ్లకి సారు రిటైరయ్యారు, ఆ సెక్షన్ నా చేతికొచ్చింది. అప్పుడు అప్పకి కబురు పెట్టాను. చేపల గంప నెత్తిన పెట్టుకునే వచ్చింది. కుర్చీ వేయించాను, కూర్చోలేదు.

"మళ్లీ పనిలోకి రా అప్పా. నెలజీతం ఇప్పిస్తాను. ఇప్పుడు నా చేతిలోనే ఉంది."

"కాయితం మార్సినారా?"

"అది పాత ఫైలు అప్పా. ఎవరూ చూడరు."

"మార్సినారా, నేదా?"

"లేదు."

"అయితే సెడిపేసినదాన్ని మళ్లీ ఎందుకమ్మా పెట్టుకుంటారు" అని గంప సర్దుకుని మెట్లు దిగిపోయింది. నేను బీరువా తీసి ఆ ఫైలు చూశాను. మార్చాలంటే ఒక లేఖ రాయాలి. నేను అబద్ధం మీద సంతకం పెట్టానని అందులో రాయాలి. ఫైలు ఎక్కడిది అక్కడ పెట్టేశాను.

ఆ మధ్యాహ్నం ట్రైనింగుకొచ్చిన పిల్లలకి క్లాసు చెప్పాలి. బోర్డు మీద పండుగప్ప లార్వా బొమ్మ గీశాను, గాలితిత్తి దగ్గర గుండ్రంగా సున్నా చుట్టాను. నూనె పొర మాట రాగానే ముందు వరసలో ఉన్న అమ్మాయి చెయ్యెత్తింది.

"హేచరీలోకి నూనె ఎక్కణ్నుంచి వస్తుంది మేడం?"

"పనివాళ్ల తలల నుంచి" అన్నాను.

ఆ అమ్మాయి తల వంచుకుని రాసుకుంది.