దింపడం నేర్పిన జానకి మేడమ్

డ్రోన్ బ్యాటరీ విప్పినప్పుడు అరచేతికి తగిలే వెచ్చదనం నాకు ఇప్పటికీ జానకి మేడమ్‌ను గుర్తుచేస్తుంది. ఇవాళ బాహూరు పొలాల్లో డ్రోన్‌తో మందు కొడుతున్నానంటే, లైసెన్సున్న పైలట్‌నయ్యానంటే, పుదుచ్చేరిలో నాకు శిక్షణ ఇచ్చిన ఆవిడే కారణం.

మా నాన్న వీపున ట్యాంకు మోసి వరికి మందు కొట్టేవారు. ఒక మధ్యాహ్నం ఆ మందు గాలి పీల్చి చేలోనే కూలిపోయారు. ఆస్పత్రి నుంచి ప్రాణాలతో వచ్చారు గానీ మళ్ళీ ట్యాంకు ఎత్తలేకపోయారు. ఆ పని నేను యంత్రంతో చేస్తానని శిక్షణలో చేరాను. మొదటి పరీక్షలోనే తప్పాను. డ్రోన్ ముఖం మనవైపు తిరిగితే కుడి ఎడమలు తారుమారవుతాయి; ఆ కంగారులో దాన్ని హద్దు జెండాలు దాటించేశాను. సంచి సర్దుకుంటుంటే మేడమ్ వచ్చి పక్కన కూర్చున్నారు. ఆవిడ ఇంట్లోనూ మాలాగే తెలుగే.

"యాడికి పోతావు?"

"నాకు రాదు మేడమ్. చేతులు వణుకుతా ఉండాయి."

"నాకూ వణికేవి. నేనూ ఒక తూరి తప్పినా. వణికితే ఏంది? దింపేసి మళ్ళీ ఎత్తు. దింపడం తప్పు కాదు పాపా."

మర్నాటి నుంచి తరగతులయ్యాక కిరుమాంబాక్కం దగ్గరి మైదానంలో నా వెనకే నిలబడేవారు. ఎంత తడబడినా గొంతు పెంచేవారు కాదు. "దింపు" అనేవారు, అంతే. దింపాక వెచ్చటి బ్యాటరీని నాచేతే విప్పించేవారు.

రెండోసారి పరీక్షలో డ్రోన్‌ను ఎనిమిది అంకెలా తిప్పుతున్నాను. ఇంకొక్క మలుపు ఉందనగా, మేకల వెంట ఒక ముసలమ్మ మైదానంలోకి వచ్చేసింది. ఆ మలుపు తిప్పేస్తే అయిపోయేది. ఇంట్లో ఫోన్ దగ్గరే కూర్చున్న నాన్న మనసులో మెదిలారు. అయినా డ్రోన్‌ను ఆమెకు దూరంగా దింపేశాను. ఈసారీ పరీక్ష పోయిందనుకుని ఏడ్చేశాను. పరీక్షకుడు ముసలమ్మ దాటిపోయేదాకా ఆగి, మొదటినుంచి తిప్పమన్నారు. వణుకుతూనే పూర్తిచేశాను. ప్యాసయ్యానని ఆయన చెప్పగానే మేడమ్ నా ఫోన్ లాక్కున్నారు.

"మీ నాయనకు నేనే చెప్తా."

చెబుతూ చెబుతూ ఆవిడా ఏడ్చారు.

మేడమ్ ఇప్పుడు లేరు, జబ్బుచేసి పోయారు. చేలో ఆడవాళ్ళు కలుపు తీస్తుండగా నేను డ్రోన్ లేపను. "వాన వచ్చేట్టుంది, కానీమ్మా" అని పొలం ఆసామి తొందరపెడతాడు.

"అందరినీ గట్టెక్కనీ అన్నా" అని కూర్చుంటాను.