చంద్రగిరి చీనా అత్త

“మీ అత్త పోయిందమ్మా.”

పోయిన నెల ఒక ఉదయం చంద్రగిరి నుంచి మామ ఫోన్ చేసి ఆ ఒక్క మాటే అన్నాడు. తిరుపతిలో మా మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. చేతిలో తడిచీర అలాగే ఉండిపోయింది.

మాకు రక్తసంబంధం లేదు. చంద్రగిరిలో మా పక్కిల్లు, అంతే. ఆమె తాత ఎప్పుడో చైనాలో ఓడెక్కి కలకత్తాకు వచ్చాడట. ఆమె అక్కడే పుట్టి, బొమ్మలు వేయడం నేర్చి, కలంకారీ మీద ఇష్టంతో శ్రీకాళహస్తికి వచ్చింది. పక్కన కూర్చుని రంగులద్దే మామను పెళ్లాడి చంద్రగిరిలో కాపురం పెట్టింది.

చిన్నప్పుడు నా ఆదివారాలన్నీ ఆమె వసారాలోనే గడిచేవి. పాలు, కరక్కాయ పట్టించిన గుడ్డల వాసన. తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టిన కుండలో నల్లరంగు. అందులో వెదురు కలం ముంచి, ఊరి కొండను గీయడం మొదలుపెట్టే ముందు అత్త కాసేపు కళ్లు మూసుకునేది. నిద్రపోయిందేమో అనుకునేదాన్ని.

“కొండ యాడికీ పోదు. మంచు పోతాది. ముందు దాన్ని సూడు,” అనేది.

మంచున్న చోట గుడ్డను ఖాళీగా వదిలేసేది. ఆ తెల్లదనంలోకి చూస్తూ కూర్చుంటే నాకు నిజంగానే చలివేసేది. ఈరోజు నేను బడిపిల్లలకు బొమ్మలు నేర్పుతున్నానంటే ఆ వసారా చలవే.

కొన్నేళ్ల క్రితం చెన్నైలో, చైనా మూలాలున్న చిత్రకారుల ప్రదర్శనకు ఆమెను పిలిచారు. నేను తోడు వెళ్లాను. చంద్రగిరి కొండను గీసిన పొడవాటి గుడ్డ తెచ్చింది. నిర్వాహకుడు తెలుగతనే. చూసి, “బాగుంది మేడమ్. కానీ ఇందులో చైనా ఏది? మూలన మీ పేరైనా చీనా అక్షరాల్లో రాయండి,” అన్నాడు.

“ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరప్పా,” అని అత్త తెలుగులోనే సంతకం చేసింది.

బొమ్మను మెట్ల కింద తగిలించారు. చూడటానికొచ్చిన ఒకావిడ, “కలంకారీ అన్నారు, దేవుళ్లేరీ?” అని వెళ్లిపోయింది.

తిరుగు బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుంది. పుత్తూరు కొండలు కనిపించాక నెమ్మదిగా మొదలుపెట్టింది.

“కలకత్తాలో చీనా పిల్ల అన్నారు. ఈడికొచ్చినా చీనామె అనే అన్నారు. చైనా ఎట్లుంటాదో నేను సూడనే లేదు. ఒకదినం కొళాయి కాడ జగడమొచ్చి, ‘మనోళ్లతోనే జగడమా నీకు?’ అని ఒగామె తిట్టింది. మనోళ్లు అనింది సూడు! బిందె ఆడే పెట్టేసి ఇంటికొచ్చి, మీ మామకు సెప్పి నవ్వినాను, ఏడ్చినాను.”

దినాలకు వెళ్లినప్పుడు మామ చెప్పాడు. చివరి వారం అత్తకు తెలుగు పోయింది. బెంగాలీ పోయింది. పుట్టింటి చీనా మాట ఒక్కటే మిగిలింది. ఇంట్లో అది తెలిసినవాళ్లు లేరు.

“ఏం సెప్తా ఉన్నిందో తెలీదమ్మా. కతే అయ్యుంటాది, గొంతు అట్లుండె. నేను ఊ కొడతా కూసుంటి.”

సాయంకాలపు ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోందట. అత్త చెబుతూ పోయింది, ఎవరి పేర్లో, ఏ వీధులో. మామ ఆమె చేయి పట్టుకుని, ఊ, అన్నాడు. ఆమె ఆగితే మళ్లీ, ఊ.