నూట ముప్పై ఆరో పుట

నా మాట ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు. మా పరిశోధన సంస్థ వార్షిక నివేదిక చివరి పుటలో ప్రతి ఏడూ కృతజ్ఞతలు అచ్చువేస్తారు. భోజనాలు పెట్టినవాళ్ళకు, ఫొటోలు తీసినవాళ్ళకు, ఒక ఏడాది జనరేటరు బాగుచేసినతనికి కూడా చెప్పారు. ఆ నివేదికలో సగం పుటలు నిండేది నేను తీసిన లెక్కతో. నాకు మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. జనరేటరు ఏడాది ఏదో నాకు గుర్తుంది. అడిగితే నెలతో సహా చెబుతాను. అడగరు.

నా పని ఏమిటో ముందు చెప్పాలి. బెంగళూరులో మొక్కల మీద పరిశోధన చేసే సంస్థలో లైబ్రరీ ఉద్యోగిగా చేరి, పోయినేడు రిటైరయ్యాను. శాస్త్రవేత్తలు పత్రికల్లో వ్యాసాలు రాస్తారు. ప్రతి వ్యాసం చివరా ఆధారాల జాబితా ఉంటుంది. అందులో ఇంకొకరి వ్యాసం పేరు వేస్తే దాన్ని సైటేషన్ అంటారు. ఎవరికి ఎన్ని సైటేషన్లు వచ్చాయో చూసి ప్రమోషన్లు ఇస్తారు, గ్రాంట్లు ఇస్తారు, కారిడార్‌లో ఎవరికి ఎంత వంగి నమస్కారం పెట్టాలో తేల్చుకుంటారు. ఆ లెక్క తీసేది నేను. ఎక్కడో విదేశంలో ఒక కంపెనీ నడిపే కంప్యూటరు సూచికలోంచి ప్రతి మార్చిలో అందరి అంకెలూ దించి, పట్టిక గీసి పైకి పంపేవాణ్ణి. పెద్ద అంకె వచ్చినవాళ్ళు మైసూర్‌పాక్ పంచేవారు. చిన్న అంకె వచ్చినవాళ్ళు నా బల్ల దగ్గరికి వచ్చి "ఇంకోసారి చూడండి" అనేవారు. ఇంకోసారి చూసేవాణ్ణి. "మరి మీకెంత వచ్చింది?" అని ఒక్కరూ అడగలేదు.

నాకు సున్నా.

నేనూ ఒక వ్యాసం రాశాను. ఒకటే, కానీ ఏడాది పొడుగునా కష్టపడి రాశాను. మా రీడింగ్ రూములో ఒక బోర్డు పెట్టాం: "చదివిన సంపుటాలను ర్యాకులో పెట్టకండి, బల్ల మీదే వదిలేయండి." సాయంత్రం అయిదున్నరకు బల్లల మీద మిగిలిన వాటిని ఒక్కొక్కటే ఎత్తి, దాని చీటీ మీద బల్ల నంబరు వేసి టిక్కు పెట్టి, ర్యాకులో సర్దేవాణ్ణి. ఏ పత్రికను ఎంతమంది చదువుతున్నారో తెలుసుకునే పద్ధతి అది. ఏడాదిలో ఒక్క సాయంత్రం తప్పలేదు. తమ్ముడి పెళ్ళి రిసెప్షన్ రోజు కూడా టిక్కులు పెట్టాకే కాటన్‌పేటకు బయల్దేరాను. ట్రాఫిక్కులో ఇరుక్కుని నేను చేరేసరికి ఫొటోగ్రాఫరు కెమెరా సంచిలో పెట్టేశాడు. ఒక్క ఫొటోలోనూ నేను లేను. ఆ కెమెరావాడు అయిదు నిమిషాలు ఆగలేదన్న సంగతి నేను మరచిపోలేదు.

ఆ టిక్కులను, మా శాస్త్రవేత్తలు తమ వ్యాసాల చివర వేసిన జాబితాలతో పోల్చాను. బల్లల మీద కనిపించేవి వేరు, జాబితాల్లో కనిపించేవి వేరు. మావాళ్ళు చదివింది జాబితాలో వేయరు, జాబితాలో వేసింది చదవరు. అదే నా వ్యాసం సారాంశం. రెండో పట్టికలో మాత్రం ఒక విచిత్రం వచ్చింది. బల్లల మీద అన్నిటికన్నా ఎక్కువసార్లు దొరికింది ఇనుముకు పట్టే తుప్పు గురించిన పత్రిక. ఎవరో వదిలించుకుంటూ మాకు దానంగా ఇచ్చిన సంపుటాలవి, ఒక్కొక్కటీ ఇటుకంత లావు. "మొక్కల శాస్త్రవేత్తల్లో తుప్పు పట్ల ఆసక్తి పెరుగుతున్నది" అని దాని మీద ఒక పేరా రాశాను. ఆ పేరా అంటే నాకు చాలా ఇష్టం.

లైబ్రరీ శాస్త్రపు పత్రిక ఒకటి దాన్ని అచ్చువేసింది. నూట ముప్పై ఆరో పుటలో మొదలవుతుంది.

తరవాత ఏడేళ్ళు, ప్రతి మార్చిలోనూ, నా పేరు ఎదురుగా నా చేత్తో నేనే సున్నా వేసుకున్నాను. మా ఆవిడది కోలారు వైపు. యలహంకలో మా ఇంటి వంటింట్లోంచే నా ముఖం చూసి మార్చి వచ్చిందని కనిపెట్టేది.

"మళ్ళా సున్నానేనా? ఎవురూ చదవకుంటే పోనీండి. నేను చదవలేదా?"

"నువ్వు చదివింది మొదటి పేరా."

"దాంట్లోనే నిద్రొచ్చింది కదప్పా. ఇంకేం కావల్ల?"

ఏడో మార్చిలో ఒక పెద్ద ప్రొఫెసరుగారి జాబితా సరిచూస్తున్నాను. ఆయనది గుంటూరు వైపు, మా సంస్థలో అందరికన్నా పెద్ద అంకె ఆయనదే. ఆయన కొత్త వ్యాసం చివర, పన్నెండో ఆధారం దగ్గర, నా పేరు కనబడింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. నా పేరే, నా వ్యాసమే. పుట మాత్రం నూట అరవై మూడు అని ఉంది.

అప్పుడు తెలిసింది ఆ సున్నా ఎక్కడిదో. పత్రిక పేరు, సంపుటం, పుట మూడూ కలిస్తేనే సూచికకు వ్యాసం దొరికినట్టు. పుట కలవకపోతే ఎవరివో తెలియనివి అనే కుప్పలో పడేస్తుంది. ఆ కుప్పలో వెతికాను. నా వ్యాసం అక్కడ ఉంది, ఒక్కసారి కాదు, పంతొమ్మిదిసార్లు! పంతొమ్మిదిసార్లూ నూట అరవై మూడే. కాలం ప్రకారం పేర్చి చూస్తే అన్నిటికన్నా ముందున్నది మా ప్రొఫెసరుగారి పాత వ్యాసం. ఆయన తప్పు రాశారు. మిగిలినవాళ్ళు ఆయన జాబితాలోంచి ఎత్తి రాసుకున్నారు. కొత్త వ్యాసంలో ఆయనా తన పాత జాబితానే చూసి రాసుకున్నారు.

ర్యాకు దగ్గరికి వెళ్ళి ఆ సంపుటం తీసి నూట అరవై మూడో పుట తెరిచాను. చందా ఫారం. పంతొమ్మిది వ్యాసాలు ఒక చందా ఫారాన్ని ఆధారంగా చూపించాయి.

మధ్యాహ్నం క్యాంటీనులో ఆయన ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను. సంపుటం వెంట తీసుకుపోయాను.

"సార్, నా వ్యాసం నూట ముప్పై ఆరో పుటలో ఉంది. మీరు నూట అరవై మూడు అని వేశారు."

"అవునా? టైపింగ్ మిస్టేక్ అయ్యుంటుందండీ. మీ పేరు వచ్చింది కదా మాస్టారూ, బీ హ్యాపీ!"

"ఆరేళ్ళ కిందటా అదే పుట వేశారు సార్. వ్యాసం మీరు చదివారా?"

"భలేవారే, చదవకుండా వేస్తామా?" అని దోశ చివరి ముక్క చట్నీలో ముంచారు. "ఒక మెయిల్ పెట్టండి, చూద్దాం."

ప్రశ్నకు ప్రశ్న జవాబు కాదు. మెయిల్ పెట్టాను. వారం ఆగి రెండోది, నెల ఆగి మూడోది, దసరా సెలవులయ్యాక నాలుగోది. నాలుగింటికీ జవాబు లేదు. సూచిక కంపెనీకీ రాశాను. వాళ్ళు మర్యాదస్థులు, ఫిర్యాదు అందిందని వెంటనే ఒక నంబరు ఇచ్చారు. ఆ నంబరు ఇప్పటికీ నా దగ్గర ఉంది. నంబరు తప్ప ఇంకేమీ లేదు.

ఇంట్లో ఈ కథంతా విని మా ఆవిడ చిక్కుడుకాయలు గిల్లడం ఆపింది.

"మా ఊర్లో ఒకతూరి అందరి ఊరగాయకూ ఒకే తీరుగా బూజు పట్టింది. ఉప్పు కొలత ఒకామె తప్పు చెప్పింటే, మిగతావాళ్ళు రుచి చూడకుండా కలిపేసినారు. ఇదీ అదే."

"అదే నేనూ అంటున్నాను."

"సుమ్నే, ఊరికే వాళ్ళ మీద ఏడిస్తే ఏమొస్తాది? సరైన పుట రాసినోళ్ళు ఎవురూ లేరా? వాళ్ళు కదా చదివినోళ్ళు?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు తట్టని మాట అది. కోపం వచ్చింది, కానీ మర్నాడు ఆ పనే మొదలుపెట్టాను. సరైన పుట రాసినవాళ్ళు సూచికలో లేరు, నిజమే. కానీ సూచికలో చేరని చిన్న పత్రికలు ఎన్నో ఉన్నాయి. కాలేజీలు వేసుకునేవి, ఊళ్ళ పేరుతో వచ్చేవి. ఎవరైనా వాటిలో రాసి తెస్తే "ఇవి లెక్కలోకి రావు" అని ఎర్రగీత కొట్టేవాణ్ణి నేనే. ఆ నియమం రాసిందీ నేనే, సంతకం కూడా ఉంది. ఇప్పుడు ఆ పత్రికలనే ఇంటర్నెట్‌లో ఒక్కొక్కటిగా తెరిచి చివరి పుటలు వెతకడం మొదలుపెట్టాను. పదిహేనో రోజో పదహారో రోజో ఒక కాలేజీ పత్రికలో కనబడింది. నా పేరు, నా వ్యాసం, నూట ముప్పై ఆరో పుట.

రీడింగ్ రూములో గట్టిగా అరిచాను. "సైలెన్స్" బోర్డు కిందే.

రాసింది దేవనహళ్ళిలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకురాలు. కాలేజీకి ఫోన్ చేస్తే ఆమే మాట్లాడి, ఆదివారం ఇంటికి రమ్మంది. మా ఆవిడ తనూ వస్తానంది. నా వ్యాసం కోసం కాదు, దేవనహళ్ళి చకోత పండ్ల కోసం, అంటే పంపరపనసల కోసం. యలహంకలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పెళ్ళిచూపులకు కూడా అంత శ్రద్ధగా చొక్కా ఇస్త్రీ చేసుకోలేదని ఆవిడ దారంతా దెప్పుతూనే ఉంది.

కోట గోడకు దగ్గర్లో చిన్న ఇల్లు. తలుపు తీసిన ఆమె నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"చీటీల సార్! మీరేనా సార్ ఆ వ్యాసం రాసింది? మీరు టిక్కులు పెట్టిన ఏడాదంతా నేను మీ కాడ ప్రాజెక్టు చేసినా. నాలుగో బల్ల కాడ కూర్చుంటా ఉంటిమి. ఒకతూరి నవ్వినామని మమ్మల్ని బయటికి పంపించినారు, గుర్తుండాదా?"

"గుర్తు లేదమ్మా," అన్నాను. నిజంగానే గుర్తు లేదు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు మాత్రం గుర్తుంది.

ఆమె లోపలికి వెళ్ళి నా వ్యాసం జెరాక్సు తెచ్చింది. మడతల దగ్గర చిరిగి, టేపు అంటించి ఉంది. తొమ్మిది పుటల నిండా ఎర్ర ఇంకు. నా అక్షరాల పక్కన ఇంకొకరి అక్షరాలు! నేను ముట్టుకోబోయి ఆగాను.

"కోపం చేసుకోవద్దు సార్. మీ రెండో పట్టిక తప్పుండాది."

"ఏం తప్పు?"

"ఆ తుప్పు పత్రిక ఎవురూ చదవలేదు సార్. ఒక్కరూ చదవలేదు."

"బల్ల మీద రోజూ దొరికింది కదమ్మా! టిక్కులున్నాయి."

"మా బల్ల మీద దొరికింది సార్. పైన ఫ్యాను ఉండె కదా, దానికి రెగ్యులేటరు లేదు. వేస్తే గాలివాన, ఆపితే ఉక్క. కాగితాలు ఎగిరిపోతా ఉంటే పక్క ర్యాకులో ఏది లావుగా ఉంటే అది తెచ్చి పైన పెడతా ఉంటిమి. సాయంత్రం అట్లే వదిలిపెట్టి పోతా ఉంటిమి. ర్యాకులో పెట్టొద్దని మీదే బోర్డు!"

 మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. దారిలో కొని ఒళ్ళో పెట్టుకున్న చకోత దొర్లి కింద పడేదాకా నవ్వింది.

"ఏడాదంతా ఫ్యాను గాలిని లెక్కబెట్టినారా! పాపం, మరిది రిసెప్షనుకు కూడా టైముకు రాకుండా!"

ఆమె తన కాలేజీ రీడింగ్ రూము గురించి రాస్తూ ఈ సంగతే చెప్పిందట: ఈ పద్ధతి మంచిదే కానీ, బల్ల మీద ఉన్నదల్లా చదివింది కాదు, నూట ముప్పై ఆరో పుటలో మొదలయ్యే వ్యాసం చూడండి అని. నన్ను తప్పుపట్టడానికే నా పుట సరిగ్గా రాసింది.

నాకు కోపం రావాలి. ఎంత వెతుక్కున్నా రాలేదు. గంటసేపు పట్టుదలగా వాదించాను. గాలికి కాగితాలు ఎన్నిసార్లు ఎగురుతాయి, నెలకు ఎన్ని రోజులు ఉక్కపోస్తుంది, చలికాలం మాటేమిటి అన్నాను. ఆమె ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది. "చలికాలం కూడా వేస్తా ఉంటిమి సార్, దోమలకు." ఏడేళ్ళలో నా వ్యాసం గురించి నాతో ఒకరు వాదించడం అదే మొదటిసారి. కాఫీ రెండుసార్లు వచ్చింది. చకోత తొనలు తీసి ఉప్పూకారం అద్ది పెట్టింది. ఆఖరి బస్సు వేళ దగ్గరపడుతోందని మా ఆవిడ చేతిసంచి సర్దుకుంటున్నా నేను లేవలేదు.

పాత చీటీలన్నీ నా దగ్గర బిస్కెట్ డబ్బాల్లో ఉన్నాయి, నేను ఏదీ పారేయను. తరవాతి ఆదివారాలు ఆమె యలహంక వచ్చింది. నాలుగో బల్ల టిక్కులు తీసేసి మళ్ళీ లెక్కించాం. తుప్పు పడిపోయింది, దాంతో నాకిష్టమైన పేరా కూడా. చదివేది వేరు, జాబితాలో వేసేది వేరు అన్న మాట మాత్రం కొంచెం కుంటుతూ నిలబడింది. ఇద్దరి పేర్లతో సవరణ రాసి పత్రికకు పంపాం.

రిటైరయ్యే ముందు ఆఖరి మార్చిలో నా పేరు ఎదురుగా నియమం ప్రకారం సున్నానే వేశాను. కింద చిన్న అక్షరాల్లో "ఒకరు చదివారు" అని రాశాను. అచ్చులో ఆ వాక్యం తీసేశారు. తీసేసిన సంగతి రాసిపెట్టుకున్నాను. చేతిరాత ప్రతి దేవనహళ్ళి పంపితే, ఆమె దాన్ని నా వ్యాసం జెరాక్సు పక్కన అంటించుకుంది.

ఇక ప్రొఫెసరుగారికి. సార్, ఇది నా అయిదో ఉత్తరం అనుకోండి. ఆ పంతొమ్మిది సైటేషన్లూ నావే, చందా ఫారానికి వచ్చినా నావే, వాటిని వదులుకోను. కానీ ముందు మీ జవాబు కావాలి. నా రెండో పట్టికలో అన్నిటికన్నా పైనున్న పత్రిక ఏది? మొక్కలవాళ్ళ లైబ్రరీలో అది పైనుండడం చూసి మీకు ఆశ్చర్యం కలగలేదా? జవాబు ఈ కాగితాల్లోనే ఉంది, వీటినైనా చదివితే దొరుకుతుంది. నా వ్యాసం మీరు చదివారా, లేదా? ఔనో కాదో ఒక్క మాట రాయండి. నేను యలహంకలోనే ఉన్నాను, ఎక్కడికీ పోను.